మాస్టారి కుర్చీ వెనక నేర్చుకున్న కరాటే

నేను ఒంటిచేత్తో ఏడు మంగుళూరు పెంకులు పగలగొట్టానని మా చుట్టుపక్కల ఒక మాట ఉంది. ఆ మాట పుట్టించింది నేనే. నిజానికి పగిలినవి రెండు. అందులో ఒకటి ఆటోలోంచి దించేటప్పుడే బీట తీసింది. చెప్పిన ప్రతిసారీ ఒక పెంకు చేరుతూ వచ్చింది. ఏడు దగ్గర ఆపేశాను. ఎనిమిది అంటే మా అత్త కూడా నా మొహంకేసి అదోలా చూసింది.

ఇప్పుడు చెప్పబోయే దాంట్లో మాత్రం నేను కలిపిందేమీ లేదు. పోయిన వేసవిలో మోకాలు మొరాయించి, క్లాసు నా శిష్యురాలికి అప్పగించి, నేను వరండాలో కుర్చీ వేసుకున్నాను. అప్పటినుంచీ కరాటే టీచర్లవుదామనుకునే అమ్మాయిలు నా దగ్గరికి వచ్చి, ఎవరి దగ్గర నేర్చుకున్నారు మేడమ్ అని అడుగుతున్నారు. ఒక మంచి మాస్టారి దగ్గరే నేర్చుకున్నాను తల్లులూ. కాకపోతే మొదటి రెండేళ్లూ ఆ సంగతి ఆయనకి తెలియదు.

మాది సముద్రం ఒడ్డు ఊరు. మా ఆయన ఊళ్లో మిగతా మగాళ్లలాగే ఏడాదిలో ఎక్కువ నెలలు గుజరాత్ బోట్ల మీద ఉండేవాడు. అత్త నరసన్నపేట బజార్లో చేపలమ్మేది. పొద్దున్నే ఇద్దరం ఒకే ఆటో ఎక్కేవాళ్లం. ఆమె బజారు దగ్గర గంప దించుకుంటే, నేను ఇంకొంచెం ముందుకెళ్లి ఒక ప్రైవేటు బడి దగ్గర దిగేదాన్ని. అక్కడ నేను ఆయాని. ముక్కులు తుడవడం, బాత్రూముకి తీసుకెళ్లడం, అన్నం డబ్బా మూతలు తీసిపెట్టడం, తల్లిదండ్రులు ఆలస్యంగా వచ్చే చంటిపిల్లల్ని సాయంత్రం వరండాలో కూర్చోబెట్టి కాపలా కాయడం. ఈ ఆఖరి పనే నా జీవితం మార్చింది.

ఆ వేళకే గ్రౌండులో మగపిల్లలకి కరాటే క్లాసు. మాస్టారికి అప్పటికే మోకాళ్లు పాడయ్యాయి. వరండా అంచున కుర్చీ వేసుకుని, గ్రౌండు వైపు తిరిగి కూర్చుని, చేతిలో టీ గ్లాసుతో నోటితోనే పాఠం చెప్పేవారు. ఎదురుగా పిల్లలు వరసల్లో నిలబడి చేసేవాళ్లు. నేను ఆయన కుర్చీ వెనక, స్తంభం పక్కన, చంకలో నిద్రపోయిన పిల్లతో నిలబడి చూసేదాన్ని. చూసి చూసి ఓ రోజు ఖాళీగా ఉన్న చెయ్యి కదిలింది. తర్వాత కాలు కదిలింది. పిల్లని బెంచీ మీద పడుకోబెట్టాక రెండు చేతులూ, రెండు కాళ్లూ కదిలాయి.

నాతో పనిచేసే పెద్ద ఆయా ఒకావిడ ఉండేది. ఆవిడ కంట పడకుండా ఆ బళ్లో చీమ కూడా నడవదు.

"ఒసే, ఏటే అది? దోమల్ని తోల్తన్నావా, దెయ్యం పట్టినాదా?"

"నడుం పట్టేసిందక్కా, సాగదీత్తన్నాను."

"నడుం పడితే అరుస్తారు గానీ, అలా గాలిని గుద్దుతారేటే!" అని నవ్వి, ఆ రోజునుంచీ ప్రిన్సిపల్ మేడమ్ వస్తుంటే దగ్గి నాకు సైగ చేసే ఉద్యోగం తనే తీసుకుంది.

కరాటేలో కటా అని ఒకటుంది. ఎదురుగా ఎవరూ లేకపోయినా ఉన్నట్టు ఊహించుకుని, దెబ్బలూ అడ్డుకోవడాలూ ఒక వరసలో చేసుకుంటూ పోవాలి. మొదటి కటాలో మొట్టమొదటి పని ఎడమవైపు తిరగడం. ఇది గుర్తుపెట్టుకోండి, నా బతుకంతా దీని మీదే తిరిగింది. రెండేళ్లలో నాలుగు కటాలు నాకు నీళ్లలా వచ్చేశాయి.

అప్పుడు మాస్టారు మోకాళ్ల ఆపరేషన్ కోసం విజయనగరంలో కూతురింటికి వెళ్లిపోయారు. క్లాసు ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే ఆడపిల్లల తల్లులు కొందరు, మా పిల్లలకీ కరాటే పెట్టండని ప్రిన్సిపల్ మేడమ్‌ని అడగడం మొదలెట్టారు. ఎవరు నేర్పుతారని ఆవిడ తల పట్టుకుంటే, పెద్ద ఆయా తలుపు దగ్గర్నుంచి అందుకుంది.

"ఇది ఉన్నాది కదమ్మా. దీనికి మొత్తం వస్తాది."

మేడమ్ నన్ను ఎగాదిగా చూశారు. "నీకెవరు నేర్పారు?"

"మాస్టారండి. రెండేళ్లూ ఆయన పక్కనే ఉండి నేర్చుకున్నానండి."

ఇందులో అబద్ధం ఏ ముక్కలో ఉందో మీరే వెతుక్కోండి. నాకు ఇప్పటికీ దొరకలేదు.

పదకొండు మంది అమ్మాయిలతో క్లాసు మొదలైంది. ఇంటికి తెల్ల యూనిఫాం తెచ్చుకున్న రోజు అత్త చేతిలో ఉన్న చేప జారి పడిపోయింది.

"ఏటే ఇది? నా కొడుకు సముద్రం మీదున్నాడు. నువ్వు తెల్లబట్ట కడతావేటే?"

"అది సీర కాదత్తా, కరాటే బట్ట. అందరూ ఇదే ఏసుకుంతారు."

"అందరి మొగుళ్లూ బోటు మీద నేరు!" అని అరిచి, లోపలికెళ్లి పసుపు గిన్నె తెచ్చింది. కొత్తబట్ట కొసలకి పసుపు చుక్క పెట్టడం అందరూ చేసేదే. అత్త చుక్కతో ఆగలేదు. ఎడమ చేతి మణికట్టు నుంచి మోచేతి దాకా చొక్కా చెయ్యంతా పూసేసింది. "ఇప్పుడు ఏసుకో. ఇది తెల్లబట్ట కాదు."

అలా పచ్చ చెయ్యి యూనిఫాంతో పాఠాలు చెప్పాను. పిల్లలకి వీపు పెట్టి ముందు నిలబడేదాన్ని, వాళ్లు వెనకనుంచి నన్ను చూసి చేసేవాళ్లు. ఏడాది తిరిగేసరికి పదకొండు మందీ ఒక్క మనిషిలా కదిలేవాళ్లు. బడి వార్షికోత్సవానికి వాళ్ల ప్రదర్శన పెట్టారు. ముఖ్య అతిథిగా ఎవరిని పిలిచారనుకున్నారు? మాస్టారినే. ఆపరేషన్ అయి, చేతికర్రతో వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. నాకు అప్పటిదాకా ఆ పిలుపు సంగతి ఎవరూ చెప్పలేదు.

పిల్లలు నమస్కారం పెట్టారు. మొదటి కటా. పదకొండు మందీ ఫట్‌మని ఒక్కసారిగా కుడివైపు తిరిగారు.

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మళ్లీ పెట్టుకున్నారు. పిల్లలు కుడి చెయ్యి వాడాల్సిన చోట ఎడమ, ఎడమ వాడాల్సిన చోట కుడి వాడుతూ, ఎక్కడా ఒక్క తప్పడుగు లేకుండా చివరిదాకా చేసి ఆగారు. చప్పట్లు మోగిపోయాయి. మాస్టారు మాత్రం తన రెండు అరచేతులూ ఎత్తి, ఏది ఎడమో ఏది కుడో పరీక్షగా చూసుకుంటున్నారు. మత్తుమందు ఇంకా దిగలేదేమోనని ఆయనకి అనుమానం వచ్చిందట, తర్వాత చెప్పారు.

స్టేజీ వెనక్కి వచ్చి నన్ను అడిగారు. "అమ్మా, ఇది నీకు ఎవరు నేర్పారు?"

ఆ చేతికర్ర చూశాక నాకు కథలేవీ తోచలేదు. "మీరేనండి. మీ కుర్చీ వెనక నిలబడి, ఎదురుగా పిల్లల్ని చూసి నేర్చుకున్నానండి."

 అద్దంలో చూసుకుని జడ వేసుకునేవాళ్లకి తెలుసు. ఎదుటి మనిషిని చూసి దింపుకుంటే వాళ్ల ఎడమ మనకి కుడి అవుతుంది. రెండేళ్లూ నేను అద్దంలో బొమ్మని నేర్చుకున్నాను. నేర్చుకుని పదకొండు మందికి అంటించాను.

"ఒక్క తప్పు కూడా లేదమ్మా," అన్నారు మాస్టారు. "అంతా తిరగబడి ఉంది, అంతే."

మేడమ్ క్లాసు మూసేస్తామన్నారు. మాస్టారే అడ్డుపడ్డారు. "ఈమెని నాకు వదిలెయ్యండి, బాగుచేసి ఇస్తాను. నా పేరు మీద క్లాసు నడపండి." మేడమ్ ఒప్పుకున్నారు గానీ ఒక మాట అన్నారు. మూడేళ్లలో నల్ల బెల్టూ, టీచరు సర్టిఫికెట్టూ తేవాలి. లేకపోతే శ్రీకాకుళం నుంచి సర్టిఫికెట్టున్న మాస్టార్ని పెట్టుకుంటారు, నేను మళ్లీ ముక్కులు తుడవడానికి పోవాలి. ముక్కులు తుడవడం నాకు చిన్నతనం కాదు. కానీ మగ మాస్టారొస్తే మా పిల్లల్ని మానిపిస్తామని ఆరుగురి ఇళ్లలో అప్పుడే చెప్పేశారు. అంటే నేను పరీక్ష తప్పితే ఆ ఆరుగురూ కూడా తప్పినట్టే.

మూడేళ్లు ఆదివారం ఆదివారం నరసన్నపేటలో బస్సెక్కి విజయనగరం వెళ్లాను. నాకు కుడి ఎడమలు తెలియవనుకోకండి. అన్నం తినే చెయ్యి ఏదో నాకు తెలుసు. కాలు మనల్ని అడగదు, అదీ బాధ. మాస్టారు "మొదలు" అనగానే, నేను ఎడమ అనుకునేలోపల కాలు కుడివైపు వెళ్లిపోయేది. అప్పుడు ఆయన కన్ను నా పచ్చ చొక్కా చేతి మీద పడింది.

"ఇదెవరు పూశారు?"

"మా అత్తండి."

"మహాతల్లి. పచ్చ చెయ్యి ఎటుంటే అటు తిరుగు."

అది పనిచేసింది! చూపు కిందికి దించితే పసుపు, పసుపు వైపు అడుగు. ఆయన ఇంకో పథ్యం కూడా పెట్టారు. ఎవరికీ ఎదురుగా నిలబడి కటా చెయ్యకూడదు, ఎదురుగా ఎవరైనా చేస్తుంటే చూడకూడదు. నా రోగం ఎదుటివాళ్లని చూడటంలోంచే వచ్చింది కాబట్టి అది మళ్లీ తగలకూడదని. మూడేళ్లూ పిల్లలకి వీపు పెట్టే పాఠం చెప్పాను. వాళ్లూ మెల్లగా తిన్నగా అయ్యారు. మధ్య బెల్టులన్నీ ఒక్కొక్కటే వచ్చాయి.

పరీక్ష విజయనగరంలో ఒక ఫంక్షన్ హాల్లో. అత్త ఆ రోజు బజారు మానేసి నాతో బస్సెక్కింది. హాల్లో బట్టలు మార్చుకునే గదిలో సంచీ విప్పాను. యూనిఫాం మల్లెపువ్వులా ఉంది. రెండు చేతులూ తెలుపే.

 ముందురోజు బళ్లో పెద్ద ఆయా, "పరీచ్చకి ఈ పచ్చ మరకల్తో ఎల్తావేటే, ఇలా తే" అని లాక్కుని వెళ్లి ఉతికి, ఎండేసి, మడతపెట్టి ఇచ్చింది. నేను విప్పి చూసుకోలేదు. ఆవిడ వేసి ఉతికింది బాత్రూములకి వాడే బ్లీచింగ్ పౌడరు. ప్రేమతోనే చేసింది. నా బళ్లో నన్ను అంత ప్రేమగా ముంచినవాళ్లు ఇంకెవరూ లేరు.

నాతోపాటు ఇంకో ఇద్దరు మగవాళ్లు పరీక్షకి వచ్చారు. పరీక్ష పెట్టే పెద్దాయన విశాఖపట్నం నుంచి వచ్చారు, నెరిసిన గడ్డం, ముందు బల్ల, చేతిలో పెన్ను. నల్ల బెల్టు పరీక్షలో అందరూ కష్టమైన కటాల్లో తప్పుతారు. నేను అన్నిటికన్నా చిన్నదాంట్లో, ఒకటో కటాలో, ఒకటో అడుగులో తప్పాను. చూపు దించాను, పసుపు లేదు. కాలు కుడివైపు వెళ్లిపోయింది. వెళ్లాక ఆపలేం కదా. కటా అంతా తిరగేసి చేసి నమస్కారం పెట్టాను.  పెద్దాయన ఏదో రాసుకున్నారు. తర్వాతి కటాలు తిన్నగానే వచ్చాయి గానీ ఏం లాభం? వెనక వరసలో మాస్టారు చేతికర్ర మీద గడ్డం ఆనించుకుని నేల చూస్తున్నారు. పక్కన అత్త ఆయన్ని అడగడం నాకు వినబడింది.

"ఏటి మాస్టారూ, అయిపోనాదా?"

"ఇంకొకటి ఉందమ్మా. నేర్పే పరీక్ష."

పక్క వీధి బడి నుంచి పన్నెండు మంది పిల్లల్ని తెచ్చారు. కరాటే అంటే ఏమిటో తెలియనివాళ్లు. ఒక్కొక్కరం వాళ్లకి మొదటి కటా మొదటి నాలుగు అడుగులూ నేర్పాలి. మొదటాయన వీపు పెట్టి నిలబడి చేశాడు. ఆయన మనిషి బీరువాలా ఉన్నాడు, ఆ వీపు వెనక ఏం జరుగుతోందో పిల్లలకి కనబడితే కదా. రెండో ఆయన ఎదురుగా నిలబడి, తను ఎడమవైపు తిరిగి, "ఎడమ! ఎడమ!" అని అరిచాడు. చూసినవాళ్లు ఒకవైపు, విన్నవాళ్లు ఒకవైపు తిరిగి ఢీకొన్నారు. ముందు వరసలో ఒక చిన్నపిల్ల ముక్కు పట్టుకుని ఏడుపు అందుకుంది.

నా వంతు వచ్చేసరికి ఆ పిల్ల ఇంకా ఏడుస్తోంది. నేను పరీక్షలో ఉన్నానన్నది మర్చిపోయాను. వెళ్లి ఎదురుగా గొంతుక్కూర్చుని, ఆ తెల్లటి చొక్కా చేత్తోనే ముక్కు తుడిచాను.

"ఏడవకమ్మా. నన్నే సూడు. నేను ఏటి సేస్తే అది సెయ్యి, సరేనా?"

అని లేచి నిలబడ్డాను. లేచాక గానీ తెలియలేదు, పన్నెండు మందికీ ఎదురుగా నిలబడ్డానని. మాస్టారి పథ్యం గుర్తొచ్చింది. ఆయన వైపు చూస్తే కళ్లు మూసుకుని ఉన్నారు. వెనక్కి తిరిగి వీపు పెడదామా? పెడితే ఆ పిల్ల మళ్లీ ఏడుస్తుంది. ఇక చెడేదేముందిలే అని "మొదలు" అన్నాను.

కాలు దాని పాత అలవాటున కుడివైపు వెళ్లింది. పిల్లలు నన్ను చూస్తూ, నేను ఏ గోడ వైపు వెళ్తే ఆ గోడ వైపు తిరిగారు. వాళ్లకి అది ఎడమ. నాది తప్పు, వాళ్లది ఒప్పు! రెండో అడుగు. మూడోది. ఎవరూ ఒకరికొకరు తగల్లేదు. నాలుగోదానికి ఆ ఏడ్చిన పిల్ల కూడా పళ్లు బిగించి "హే!" అని అరిచింది. మూడేళ్లు నేను వదిలించుకోడానికి బస్సు చార్జీలు తగలేసిన రోగం, అక్కడ పాఠమై నిలబడింది.

పెద్దాయన పెన్ను కింద పెట్టారు. "మళ్లీ చేయించండి," అన్నారు. మళ్లీ చేయించాను. మూడోసారి కూడా. అప్పుడు ఆయన చేతిలో కాగితం చూసి గొంతు సవరించుకున్నారు.

"మీ మొదటి కటా తప్పింది. ఒక్కదాన్ని తిరిగి చేసే అవకాశం అందరికీ ఉంటుంది. చేస్తారా?"

ఈ అవకాశం సంగతి మాస్టారు నాకు మూడేళ్లలో ఒక్కసారి కూడా చెప్పలేదు. ముందే తెలిస్తే మొదటిసారి అశ్రద్ధ చేస్తావని చెప్పలేదమ్మా అన్నారు తర్వాత. ఆ క్షణాన నా కాళ్ల మీద నాకు నమ్మకం సున్నా. పిల్లల్ని కూర్చోమని ఎవరో అంటున్నారు.

"సార్, వాళ్లని ఉండనివ్వండి. నా ముందు, నాకు వీపు పెట్టి నిలబడమనండి. నాతోపాటు చేస్తారు."

"ఎందుకు?"

"నా వెనక నుంచోబెడితే భయపడతారండి." ఎవరు భయపడతారో చెప్పలేదు.

పెద్దాయన ఒప్పుకున్నారు. పన్నెండు చిన్న వీపులు నా ముందు. "మొదలు" అనగానే అవి ఎడమవైపు తిరిగాయి. నేను వాటిని చూసి ఎడమవైపు తిరిగాను. అరగంట కింద నేను నేర్పినవాళ్ల దగ్గర నేను నేర్చుకున్నాను. నాలుగడుగుల తర్వాత వాళ్లకి రాక ఆగిపోయి నోళ్లు తెరిచి చూస్తుంటే, దారిలో పడిన నా కాళ్లు మిగతాదంతా తప్పులేకుండా లాక్కుపోయాయి.

నమస్కారం పెట్టి నిలబడితే పెద్దాయన గడ్డం దువ్వుకుంటున్నారు.

"ఏమ్మా, పిల్లల్ని చూసి కాపీ కొట్టారా?"

"కొట్టానండి."

"వాళ్లకి ఎవరు నేర్పారు?"

"నేనేనండి."

ఆయన పెద్దగా నవ్వేశారు. "అయితే దాన్ని ఏమని రాయను? ఎదురుగా నిలబడి కటా తిరగేసి చూపించడం, పాతికేళ్లుగా నేర్పుతున్నవాళ్లకే తడబాటు. మీకెలా వచ్చింది?"

వరండా, కుర్చీ, చంకలో పిల్ల, అన్నీ ఉన్నదున్నట్టు చెప్పాను. నా జీవితంలో ఏమీ కలపకుండా చెప్పిన మొదటి కథ అదే. ఆయన తల అడ్డంగా ఊపారు. "కథలు బాగా అల్లుతారమ్మా మీరు," అని కాగితం మీద సంతకం పెట్టేశారు. వెనకనుంచి మాస్టారు, "నిజమే సార్, ఆ కుర్చీ నాదే!" అని అరుస్తూ లేచి, చేతికర్ర మర్చిపోయి నాలుగడుగులు నడిచారు.

తిరుగు బస్సు ఎక్కాం. అత్త నా ఫోను తీసుకుని కొడుక్కి కలిపింది. ఒడ్డుకొచ్చిన రోజు కాబట్టి దొరికాడు.

"ఒరే, నీ పెళ్లాం పాసయిపోనాది. ఏటి? పెంకులా? ఆ, పగలగొట్టినాది. నాలుగు!"

ఆ హాల్లో పెంకు ముక్క కూడా లేదు. నేను అత్త వైపు చూస్తే, ఆమె కిటికీలోంచి బయటికి చూస్తోంది.

మర్నాడు సాయంత్రం బళ్లో మా పదకొండు మందికీ మొదటిసారి ఎదురుగా నిలబడ్డాను. ఏ పిల్ల కాలు ఎటు వేస్తోందో, ఎవరు పెదవి కొరుక్కుంటున్నారో నాలుగేళ్లుగా నాకు కనబడనివన్నీ ఒకేసారి కనబడ్డాయి. ఒక్కరూ మానలేదు. ఇప్పుడు నా క్లాసు నడుపుతున్నది ఆ ఆరుగురిలో ఒకతే. పెద్ద ఆయా వరండాలో నిలబడి, "నా ఉతుకు వల్లే పాసయినాది" అని అందరికీ చెప్పుకుంది. కాదనడానికి నా దగ్గర ఏముంది?

ఇంట్లో అత్త నల్ల బెల్టుని అటూ ఇటూ తిప్పి చూసి, తెల్లబట్ట మీద ఈ నల్లదేటే అని గొణిగి, పసుపు గిన్నె తెచ్చి ఒక కొసకి దట్టంగా పూసింది. నలుపు మీద అది ఎవరికీ కనబడలేదు. చెమట పట్టినప్పుడు వాసన మాత్రం వచ్చేది. క్లాసు మానేసేదాకా ప్రతి సాయంత్రం ఆ కొస ఎడమవైపు వేలాడేలా చూసుకునే బెల్టు బిగించేదాన్ని. నాకు అన్నీ వచ్చు. అయినా ఎందుకైనా మంచిదని.